జిలేబీ బుధవారం

ఆ రోజుల్లో సూరత్‌లో చీరల మార్కెట్ గేటు దాటాలంటే టీకా వేయించుకున్నట్టు ఫోన్‌లో చూపించాలి. సిటీ బస్సెక్కాలన్నా అంతే. మాస్కు ముక్కు కిందికి జారిన కాపలా మనిషి ఆ ఫోన్ల వైపు చూసీ చూడనట్టు చూసి, పొమ్మని చెయ్యి ఊపేవాడు. ప్రజారోగ్యం ఆ ఊపులో క్షేమంగా ఉండేది.

మా మనవరాలికి మార్కెట్లో పని లేదు. బస్సెక్కి ఒంటరిగా ఎక్కడికీ పోదు. అందుకని ఆమె టీకాల సంగతి ఎవరూ అడగలేదు.

అప్పటికి నా భర్త పోయి కొన్ని నెలలైంది. ఆయన ఖటోదరాలో ఒక పవర్‌లూమ్ కార్ఖానాలో మగ్గాలు బాగుచేసే మాస్టరు. రెండో విడత కరోనా వచ్చినప్పుడు అక్కడ సగం మంది దగ్గుతూనే మగ్గాలు నడిపారు. మగ్గం ఆగితే దగ్గరికి పోయి చెవి పెట్టి వినడం ఆయన అలవాటు. మనిషి దగ్గినా దగ్గరికే పోయాడు. ఆసుపత్రిలో చేర్చిన తర్వాత నేను ఆయన్ను చూడలేదు. చూడనివ్వలేదు.

ఫోన్ చేసినవాళ్లందరూ తీరని లోటు అన్నారు. నేను ఇక్కడ మగ్గాల పనికి వలస వచ్చిన తెలుగువాళ్ల పిల్లలకు మున్సిపల్ బడిలో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. పిల్లలు వ్యాసంలో ఆ మాట రాస్తే ఎర్ర సిరాతో కొట్టేసి, ఏం లోటో రాయమనేదాన్ని. నన్ను ఎవరైనా అలా అడిగి ఉంటే చెప్పేదాన్ని. పొద్దున్నే నీళ్ల మోటారు వేసే మనిషి లేడు. పేపరు లోపలి పేజీలు నేను చదివి వినిపిస్తుంటే విసుక్కునే మనిషి లేడు. ఎవరూ అడగలేదు. తీరని లోటు అనేసిన తర్వాత మాట్లాడటానికి ఇంకేం మిగలదు, అదే ఆ మాటలోని సౌకర్యం.

ఆయన మొదటి డోసు వేయించుకున్నాడు, రెండోది అందేలోపే పోయాడు. చలికాలం మొదట్లో, ఇంకా మూలన చార్జింగులో పెట్టి ఉంచిన ఆయన ఫోన్‌కు ఒక సందేశం వచ్చింది. మీ రెండో డోసు విజయవంతంగా పూర్తయింది, అభినందనలు అని. నా కొడుకు ఫిర్యాదు చేస్తానని లేచాడు. వద్దన్నాను. బతికున్నన్నాళ్లు ఏ ఆఫీసూ ఆయన పనిని అంత తొందరగా చేసి పెట్టలేదు.

ఇంట్లో మిగిలింది నేను, కొడుకు, కోడలు, పాప. కొడుకు సూరత్ బయట కిమ్‌లో ఒక మిల్లులో సూపర్‌వైజరు. పొద్దున్నే పోతే దీపాలు పెట్టే వేళ దాటాక వస్తాడు. ఎదురింట్లో మా వదినె, అంటే నా భర్తకు అక్క. ఆమె ఉండేది ఆ ఇంట్లో, నడిపేది రెండిళ్లనూ. ఆమె భర్త ఎప్పుడో పోయాడు. ఆ తర్వాత మా కులంలో ఆమె లేకుండా పెళ్లి జరగలేదు, సీమంతం జరగలేదు. ఆమె వైధవ్యానికి కాలదోషం పట్టింది. నాది మాత్రం కొత్తది, కాబట్టి నియమాలన్నీ నాకు వర్తించాయి.

దినాలు అయిపోయిన రోజున వదినె మధ్య గదిలో కూర్చుని ఆ ఏడాది ఇంట్లో జరగకూడనివన్నీ చెప్పింది. పండుగలు లేవు. పాప పుట్టువెంట్రుకలు తీయించడానికి వేములవాడ పోయేది లేదు. చెవులు కుట్టించేది లేదు. శుభకార్యమనే మాట సంవత్సరీకం దాకా ఈ గడప తొక్కొద్దు. అందరూ తలలూపారు. నేనూ ఊపాను. జరగకూడనిదేదో అప్పటికే జరిగిపోయింది. మిగతావి జరగకపోతే నాకేమని అనుకున్నాను.

ఇక్కడ నా భర్త అలవాటు ఒకటి చెప్పాలి. మా కొడుకు పుట్టినప్పటి నుంచీ, బిడ్డకు టీకా వేయించిన ప్రతిసారీ ఆయన గల్లీ మొత్తానికి జిలేబీలు పంచేవాడు. మా వైపు టీకాలు బుధవారం, అంగన్‌వాడీలో వేస్తారు. ఆ పూట కార్ఖానాకు సెలవు పెట్టి, ఉతికిన చొక్కా వేసుకుని, బిడ్డకు కొత్త బట్టలు తొడిగి, తనే ఎత్తుకుని పోయేవాడు. వచ్చేటప్పుడు మూలమీద చిరుతిళ్లమ్మే ఫర్సాణ్ దుకాణంలో వేడి జిలేబీలు పేపర్లో కట్టించుకుని ఇల్లిల్లూ తిరిగేవాడు. గుజరాతీ ఇరుగుపొరుగువాళ్లు ఏం పండుగని అడిగితే, సూది పడ్డదని చెప్పేవాడు. వాళ్లు నవ్వుకుని తినేవాళ్లు. మనవరాలి మొదటి టీకాలకూ అంతే. మూతికి మాస్కుతో, చేతిలో జిలేబీలతో తలుపులు కొట్టాడు. కొందరు జబ్బు భయంతో తలుపు తీయలేదు. గడప మీద పెట్టి వచ్చాడు.

ఎందుకిలా అని కొడుకు పుట్టిన కొత్తలో ఒకసారి అడిగాను. వాళ్లకు ఒక చెల్లెలుండేదట. ఊళ్లో తల్లి పోసి, అంటే తట్టు వచ్చి, పోయింది. వేపాకు తేవడానికి ఈయన్ను పంపారు. తెచ్చేసరికి అవసరం లేకపోయింది. "దానికి జిలేబీ తినే వయసు గూడ రాలే" అన్నాడు, అంతే. మళ్లీ ఆ మాట ఎత్తలేదు, నేనూ అడగలేదు. ఆ ఇంట్లో పెరిగిన ఇద్దరిలో ఒకరు ఆ చావు నుంచి జిలేబీలు నేర్చుకున్నారు, ఇంకొకరు వేపాకును గట్టిగా పట్టుకున్నారు.

ఆ ఏడాదంతా నా దుఃఖానికి ఇంట్లో కాపలా పెట్టారు. నేను గదిలోకి వస్తే మాటలు ఆగేవి. ఆయన కత్తెర, కళ్లజోడు కనబడకుండా దాచారు. టీవీలో ఆసుపత్రి కనిపిస్తే కోడలు చానల్ మార్చేది. అప్పట్లో ఏ చానల్ పెట్టినా ఆసుపత్రే, పాపం ఆ పిల్ల రిమోట్ నొక్కి నొక్కి అలిసిపోయేది. ఒకరోజు పేపరు లోపలి పేజీలో ఒక చిన్న వార్త గట్టిగా చదివాను. ఈ మహమ్మారి వల్ల ప్రపంచమంతటా పిల్లల మామూలు టీకాలు వెనకబడ్డాయని, ఏళ్ల తరబడి పైకి పోయిన గీత కిందికి దిగుతోందని, ఎన్నో దేశాల్లో తట్టు మళ్లీ తల ఎత్తవచ్చని. దూరదేశాల వరదల గురించి చదివినట్టు చదివాను. కోడలు బియ్యం ఏరుతూ విన్నది. ఆ గీత మా వంటింట్లోంచి కూడా పోతోందని నాకు తెలియదు.

తెలిసింది చలికాలం చివర్లో. మూడో విడత వచ్చి, జనం దానికి పెద్దగా మర్యాద చేయకుండానే సాగనంపుతున్నారు. వెనక గల్లీలో మగ్గం పనివాళ్ల పిల్లవాడికి తల్లి పోసిందని వదినె వార్త తెచ్చింది. గుజరాతీవాళ్లు దాన్నే ఓరీ అన్నారు. ఆ ఇంటి గుమ్మానికి వేపాకు కట్టారు. కొన్నాళ్లకు పక్కింటి పిల్లకూ ఒంటినిండా ఎర్రగా లేచింది. పిల్లవాడికి ఊపిరి ఆడక పెద్దాసుపత్రికి తీసుకుపోయారు.

మన పాపకు తొమ్మిదో నెల తట్టు టీకా పడింది కదా, మనకు భయం లేదన్నాను. గిన్నెలు తోముతున్న కోడలి చేయి ఆగింది.

"పడలే అత్తమ్మా."

నేను ఏమీ అనకముందే మిగతాది కూడా చెప్పేసింది. ఎన్నాళ్ల నుంచి మోస్తున్నదో.

"సంవత్సరీకం అయినంక ఏపిద్దామని పెద్దత్తమ్మ అన్నది. సూది అంటే కొత్త గౌను, జిలేబీలు, గదంత ఉంటది గదా. మామయ్య పోయిన ఏడాదిల ఎట్ల జేస్తం? మీకు బాధైతదని చెప్పలే."

పాప అప్పుడు నేలమీద గరిటెతో డబ్బా వాయిస్తోంది. మళ్లీ మళ్లీ చూశాను. చెంపల మీద ఎరుపు వంటింటి సెగ వల్లే.

కొడుకు వచ్చాక వాడినీ అడిగాను. వాడికి తెలుసు. జ్వరం గిరం ఏం లేదు గదా, టెన్షన్ దేనికన్నాడు. హోలీ దాటితే సంవత్సరీకం వచ్చేస్తుంది, అయిన తెల్లారే వేయిద్దామన్నాడు. వాడు తన రెండు డోసులూ వేయించుకుని, వేయించుకునేటప్పుడు ఫొటో కూడా తీయించుకున్నాడు. తట్టుకు మా సంవత్సరీకం తేదీ ఎవరు చెబుతారని అడిగాను. వాడు అన్నం కలుపుకున్నాడు.

వాళ్లను తిట్టబుద్ధి కాలేదు. ఆయన మీది గౌరవంతో, ఆయన జన్మలో ఒక్కసారి కూడా తప్పించని పనిని తప్పించారు. నా మీది జాలితో నాకు చెప్పలేదు. చనిపోయిన తాతకు టీకా పూర్తయింది, ప్రభుత్వం అభినందించింది. బతికున్న మనవరాలు ఆయన గౌరవార్థం ఆగింది. ఇంత మర్యాదస్తుల ఇంట్లోకి రావడానికి తట్టు మొహమాటపడుతుందేమో చూడాలి.

మర్నాడు మంగళవారం. పొద్దున్నే గల్లీ దాటి వదినె ఇంటికి పోయాను. ఆమె చాయ్ తాగుతోంది.

"ఏంది పంతులమ్మా, పొద్దుగాల్నే?"

"పాపకు సూది ఎందుకు ఆపినవు వదినె?"

"ఆపలే. ఎన్కకు జరిపిన. శుభకార్యం గదా."

"నువ్వు రెండు సూదులు ఏసుకున్నవు. ఈ ఏడాదిలనే."

"ఏసుకోకపోతే బస్సెక్కనియ్యరైరి. అయినా నాకు ఎవలన్న జిలేబీలు పంచిన్రా?"

ఆమె తర్కంలో ఎక్కడా పొరపాటు లేదు. జిలేబీలు పంచితే శుభకార్యం, పంచకపోతే బస్సు పాసు. నా భర్త తన చేతులతోనే పిల్లల టీకాను పండుగల్లో చేర్చాడు, చనిపోయి ఆ పండుగను తనే ఆపేశాడు. మనుషులు ఇంత పద్ధతిగా తప్పు చేయడం నేను బడిలో కూడా చూడలేదు.

టీకా ఎలా పనిచేస్తుందో చెప్పబోయి మానుకున్నాను. ఆ రెండేళ్లలో మా గల్లీలో ప్రతివాడూ ప్రతివాడికీ టీకా ఎలా పనిచేస్తుందో చెప్పాడు.

"తమ్ముడు ఆ జిలేబీలు ఎందుకు పంచేటోడో నీకు ఎరుకనే గదా" అన్నాను.

వదినె చాయ్ గ్లాసు కింద పెట్టింది. గుమ్మంలోంచి వెనక గల్లీ మలుపు కనిపిస్తుంది, అటు చూసింది.  

"ఎరుకనే" అన్నది. తర్వాత, "రేపు బుధారమే గదా."

బుధవారం కోడలు పాపను తయారు చేసింది. పాత గౌనే వేసింది, కొత్తది వేస్తే ఎవరి మనసు ఎక్కడ నొచ్చుకుంటుందో తెలియక. గడప దగ్గర వదినె నన్ను ఆపి, పిల్లను కోడలు ఎత్తుకుంటుంది, నువ్వు వెనక నడువు అన్నది. నేను అప్పటికే ఎత్తుకున్నాను. ఆమె ఒక్క క్షణం చూసి, ఇక లాభం లేదని, కోడలిని ఇంట్లోనే ఉండమని తనే ముందు నడిచింది. ఇద్దరు విధవలు, ఒక పిల్ల. శకునాలు చూసేవాళ్లు ఆ దారిన ఎవరూ రాకపోవడం వాళ్ల అదృష్టం.

అంగన్‌వాడీ ముందు సున్నంతో వలయాలు గీసి ఉన్నాయి, మనిషికి ఒకటి చొప్పున, దూరం పాటించమని. జనం ఆ వలయాలను వదిలేసి, వాటి మధ్య ఖాళీలో ఒకచోట గుంపుగా నిలబడ్డారు. పెద్దవాళ్ల టీకాకు వచ్చినవాళ్లే అందరూ. లోపల నర్సు రెండు పనులూ ఒక్కతే చేస్తోంది. మేం తట్టు టీకాకు వచ్చామంటే, ఎంతమంది పిల్లలని హిందీలో అడిగింది. ఒక్కతే అన్నాం.

"ఏక్ బచ్చే కే లియే సీసా నహీ ఖోలూంగీ, మాసీ."

ఒక్క పిల్ల కోసం సీసా తెరవనన్నది. ఒక్కో సీసాలో కొందరు పిల్లలకు సరిపడా మందు ఉంటుంది. ఒకసారి కలిపితే కొన్ని గంటల్లో వాడేయాలి, మిగిలింది పారబోయాలి. పారబోస్తే పైవాళ్లు ఎందుకు వృథా చేశావని అడుగుతారు. వచ్చే బుధవారం రండి, ఇంకొందరు పిల్లలు వస్తే వేస్తానన్నది. పోయిన వారం కూడా ఒకామెను ఇలాగే పంపిందట. కసురుకోలేదు. అలిసిపోయిన గొంతుతో, రైలు ఆలస్యమని చెప్పినట్టు చెప్పింది.

ఈ పద్ధతిలో ఒక అందం ఉంది. ప్రతి పిల్లా ఒక్కొక్క బుధవారం ఒంటరిగా వచ్చి ఒంటరిగా తిరిగిపోతే ఒక్క చుక్క కూడా వృథా కాదు. మందు పూర్తిగా భద్రం.

నేను వాదనకు సిద్ధమయ్యాను. వదినె నా మోచేయి పట్టుకుని పక్కకు జరిపి, ఎంతమంది కావాలని అడిగింది. నర్సు చేత్తో నాలుగో ఐదో అని చూపింది. మధ్యాహ్నం దాకా ఉంటానన్నది.

గల్లీల వెంట పడ్డాం. నేను టీచరును, వదినె వదినె. మాకు తలుపులు తెరవని ఇల్లు లేదు. తట్టు టీకా పడని పిల్లలు వెతకాల్సిన అవసరమే లేకుండా దొరికారు. ఒకరు లాక్‌డౌన్‌లో సొంతూరికి పోతుంటే ఆ నెల దారిలోనే గడిచిపోయింది. అక్కడివాళ్లు సూరత్‌లో వేయించుకోండన్నారు, ఇక్కడివాళ్లు ఊళ్లో పడే ఉంటుందనుకున్నారు. ఒకామె అంగన్‌వాడీకి పోతే కరోనా అంటుతుందని భయపడింది. అదే బిడ్డను ఎత్తుకుని రెండు పెళ్లిళ్లకు పోయొచ్చింది. ఒకింటాయన పెద్దవాళ్లు వేయించుకుంటే ఇంటిల్లిపాదికీ సరిపోతుందనుకున్నాడు. నర్సు పోయిన వారం తిప్పి పంపినామె కూడా మా గల్లీలోనే దొరికింది.

వద్దన్నవాళ్లు ఒక్కరూ లేరు. టీకాలకు శత్రువులున్నారని పేపర్లో చదివాను. మా దగ్గర శత్రువులుంటే బాగుండేది, కూర్చుని వాదించుకునేవాళ్లం. అందరూ వచ్చే బుధవారం వేయిద్దామనుకున్నవాళ్లే. వచ్చే బుధవారంతో ఎవరు వాదించగలరు? ఇప్పుడే రమ్మంటే ఒకరికి పొయ్యి మీద అన్నం, ఒకరికి నల్లా నీళ్లు వచ్చే వేళ. వస్తాం మీరు పదండి అన్నారు. ఆ వస్తాం ఎలాంటిదో నాకు తెలుసు. బడిలో హోంవర్కు రేపు చూపిస్తామనేవాళ్లు.

వదినె గల్లీ మధ్య నిలబడి కాసేపు ఆలోచించింది. తర్వాత చరచరా మూలమీది ఫర్సాణ్ దుకాణం వైపు నడిచింది. నేను పాపతో వెనక పోయి, ఏడాది కాలేదు కదా వదినె అని గుర్తుచేశాను. అందులో కొంచెం కసి కూడా ఉంది.

"మనం పంచుడు గాదు" అన్నది వెనక్కి తిరగకుండానే. "దుకాణమాయన పంచుతడు. మనం పైసలిస్తం, గంతే. మన పొయ్యి మీద మూకుడెక్కలే, మన చెయ్యి తగులలే. ఇందుల దోషమేముంది?"

నెలల తరబడి మా పాపను తట్టుకు ఎదురుగా నిలబెట్టిన శాస్త్రం, కడాయి ముందు అరనిమిషంలో దారి ఇచ్చింది.

దుకాణదారు నా భర్తను ఎరుగును. బుధవారం జిలేబీ కాకా చాలా కాలంగా కనబడటం లేదనుకున్నాడట. పోయాడని చెప్పాను. ఆయన తీరని లోటు అనలేదు. చిల్లుల గరిటెను కడాయి అంచున ఆనించాడు. తర్వాత కొత్త పాకం పెట్టించాడు.

అంగన్‌వాడీ మెట్ల పక్కన ఆయన మనిషి పళ్లెంతో నిలబడ్డాక, వదినె గల్లీలోకి గొంతెత్తి ప్రకటించింది: సూది పడ్డ పిల్ల ఇంటోళ్లకే జిలేబీ. ఆమెకు మైకు ఎన్నడూ అవసరం పడలేదు. తల్లుల కంటే ముందు పెద్ద పిల్లలు కదిలారు. చెల్లెళ్లను, తమ్ముళ్లను చంకలో వేసుకుని పరుగున వచ్చారు. ఆ వెనక తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ తల్లులు. దేశం నిండా అంటించిన పోస్టర్లు చేయలేని పని వేడి నూనె వాసన చేసింది.

నర్సు ఆ గుంపును చూసి ముందు దూరం దూరం అని విసుక్కుంది. తర్వాత మంచుపెట్టె మూత తీసింది. మా పాప వంతు మొదట వచ్చింది. కుడి భుజం పట్టుకోమన్నది, పట్టుకున్నాను. సూది దిగాక పాప గుక్కపట్టి నన్ను నమ్మకద్రోహిని చూసినట్టు చూసి, ఏడిచింది. అంత మంచి ఏడుపు ఆ ఏడాది మా ఇంట్లో ఎవరూ ఏడవలేదు.

జ్వరం రావచ్చు, భయపడొద్దు, ఇంకో డోసు ఇంకొన్ని నెలలకు ఉంటుంది, మరవొద్దని నర్సు చెప్పింది. మరిచిపోవడానికి వదినె ఒప్పుకోదని నాకు అప్పటికే అర్థమైంది. ఆమె పళ్లెం పక్కన నిలబడి, చెయ్యి మాత్రం తగలకుండా, ఎవరికి ఎన్ని ఇవ్వాలో కళ్లతోనే దుకాణం మనిషికి చెబుతోంది.

ఆ సాయంత్రం పాపకు కొంచెం ఒళ్లు వెచ్చబడింది, తెల్లారేసరికి తగ్గింది. తర్వాత చాలా రోజులు పొద్దున్నే వీపు, చెవుల వెనక, పొట్ట వెతికి చూసేవాళ్లం, కోడలొకసారి, నేనొకసారి. ఏమీ రాలేదు. వదినె ఎందుకైనా మంచిదని మా గుమ్మానికి వేపాకు కట్టింది. తట్టు రాలేదన్న ఘనత గల్లీలో ఆ ఆకుకే దక్కింది. నేను దిద్దలేదు. వెనక గల్లీ పిల్లవాడు చిక్కి సగమై ఇంటికొచ్చాడు. ఒక చెవి సరిగా వినబడటం లేదని వాళ్లమ్మ చెప్పింది. వాడికీ వచ్చే బుధవారమే అనుకున్నారట.

పాపకు టీకా వేసినట్టు ఎవరి ఫోన్‌కూ అభినందనలు రాలేదు.

ఆ బుధవారం దీపాలు పెట్టే వేళకు వదినె వచ్చి పేపరు ముక్కలో చుట్టిన ఒక జిలేబీ నా ముందు పెట్టింది. ఏడాది కాలేదన్నాను, ఈసారి కసి లేకుండానే.

"మన ఇంట్ల జేసింది గాదు. తిను" అన్నది, ఎదురుగా కూర్చుని.

తిన్నాను. ఎప్పుడో చల్లారింది, పాకం కారి మెత్తబడింది. చల్లారిన జిలేబీకి రుచి ఉండదు. ఆయన కూడా ప్రతిసారీ ఆ మాటే అనేవాడు, అందరికీ పంచి వచ్చాక మిగిలినదాన్ని తింటూ.